రెండు ఇరవైలు

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక సాగే కబుర్లలో సగం వీసాల గురించే. "ఐ-ట్వంటీ వచ్చిందా?" అన్నది సీనియర్ అన్నల నడుమ కుశలప్రశ్న వంటిది. రాజంపేట దగ్గరి మా పల్లెలోనూ ఇరవై అంకె అందరి నోటా నలుగుతుంది. "ఇరవై నంబరా, పద్దెనిమిదా?" అని అరుగు మీది అవ్వలు సైతం అడుగుతారు. హాస్టల్ ఇరవై అమెరికాకు పోయేది, మా ఊరి ఇరవై కువైట్‌కు పోయేది. అంకె ఒకటే గాని ఈ రెండు ఇరవైల నడుమ ఒక సముద్రమంత దూరం ఉంది. ఆ దూరాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

ముందు హాస్టల్ ఇరవై సంగతి. ఐ-20 అన్నది అమెరికాలోని విశ్వవిద్యాలయం ఇచ్చే కాగితం. దాన్ని పట్టుకొని కాన్సులేటులో ఎఫ్-1 వీసాకు ఇంటర్వ్యూకు నిలబడాలి. చదువయ్యాక తిరిగి వస్తానని అధికారికి నమ్మకం కలిగించాలి. అక్కడ తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆచరణాత్మక శిక్షణకు, సైన్సువాళ్ళకైతే అదనంగా మరో 24 నెలలకు అవకాశం ఉంటుంది. ఇదంతా మా అన్నలకు కంఠోపాఠం. పీరియాడిక్ టేబుల్ తప్పుతారేమో గాని ఇది తప్పరు.

మా ఊరి ఇరవై మాత్రం ఏ నోటీసు బోర్డు మీదా కనపడదు. కువైట్ నివాస చట్టంలోని ఆర్టికల్ నంబరును బట్టి వీసాకు ఆ పేరు. కంపెనీల్లో, దుకాణాల్లో పనికి పోయేవాళ్ళది 18. ఇంటి పనికి, వంటకు, ఇంటి కారు తోలడానికి పోయేవాళ్ళది 20. దీన్నే మావాళ్ళు ఖాదిం వీసా అంటారు. భార్యాబిడ్డలను పిలిపించుకునేది 22.

రసాయన శాస్త్రంలో కార్బన్ 12కూ కార్బన్ 14కూ తేడా రెండు న్యూట్రాన్లే. కానీ ఒకటి స్థిరంగా ఉంటుంది, రెండోది క్షీణిస్తుంది. వీసాల్లో 18కీ 20కీ తేడా కూడా రెండే! 18 మీద పోయినవాడికి 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది, రోజుకు 8 గంటల పని. 20 మీద పోయినవారికి ఆ చట్టం వర్తించదు. వాళ్ళకు 2015లో వేరే చట్టం వచ్చింది. అందులో పనిగంటల గరిష్ఠ పరిమితి రోజుకు 12. వారానికొక సెలవు ఇవ్వాలని, పనివాళ్ళ ఇష్టం లేకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. చట్టం కాగితం మీద మంచిదే. కానీ కంపెనీకి తనిఖీ అధికారి పోగలడు, ఒక ఇంటి వంటగదిలోకి ఎవరు తొంగి చూస్తారు?

ఇంకొకటి. 20 మీద ఉన్నవాడు యజమాని ఇల్లు వదిలి బయట పని చేస్తే, ఆ యజమాని పారిపోయినట్టు ఫిర్యాదు పెట్టవచ్చు. ఫిర్యాదు నిలిస్తే అకామా పోతుంది. అకామా పోతే దొరతనం దృష్టిలో ఆ మనిషి లేనట్టే లెక్క. 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే, పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్ళు మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ పుచ్చుకొని ఇళ్ళు చేరారు. 20 నుంచి 18కి మారే దారి 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా తెరిచారు. అదీ ఆ ఇంట్లో కనీసం ఒక ఏడాది పనిచేసి, యజమాని ఒప్పుకుంటేనే.

ఇవన్నీ నేనెందుకు చదవాల్సి వచ్చిందంటే, మా ఇంటి కారణం ఒకటుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఏటి ఒడ్డు పల్లెలు మునిగిపోయాయి. మా అక్కావాళ్ళ అరటితోట మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ ఇసుక తీయించడానికి తెచ్చిన అప్పు ఈనాటికీ తీరలేదు. పోయినేడు పక్క ఊరి సబ్ ఏజెంటు ఒకడు వచ్చి, "కువైట్‌లో ఇంటి పని ఉందమ్మా, ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు, టికెట్టు కూడా మాదే" అన్నాడు. అక్కకు అప్పటికి 27 ఏండ్లు. ఏడో తరగతితో బడి మానేసింది.

పది పాసు కాని వాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆడవాళ్ళయితే ఇంటి పనికి 30 ఏండ్లు నిండాలి. అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. అక్కకు ఈ దారి లేదు. ఆ ఏజెంటు చెప్పిన దారి వేరు: విజిట్ వీసా మీద దుబాయ్‌కి పోయి, అక్కడినుంచి కువైట్ విమానం ఎక్కడం. విజిట్ వీసా చుట్టం చూపుకు పోయేది. దానికి ప్రొటెక్టర్ అనుమతి అడగరు. అడగరు కాబట్టి పనిమనిషిగా పోయినట్టు మన దేశంలో ఎక్కడా ఒక అక్షరం ముక్క ఉండదు. ఒప్పందం ఉండదు, బీమా ఉండదు.

ఈ మాటలన్నీ చెప్తే అక్క విని ఒకటే అడిగింది: "మూడేండ్లు నేను ఆగుతాలే. వడ్డీ ఆగుతుందారా?"

ఇంతవరకూ నాకు దానికి జవాబు దొరకలేదు. ముప్పై ఏండ్ల నిబంధన ఆడవాళ్ళ రక్షణ కోసం పెట్టిందే. కానీ అప్పు వయసు చూసి రాదు. ముందు వాకిలి మూసి ఉంటే దొడ్డివాకిలి చూపేవాడికి గిరాకీ పెరుగుతుంది. రక్షణ కోసం కట్టిన గోడే ఏజెంటుకు పెట్టుబడి అయింది. గోడ కూల్చమని నేననను. గోడ ఇవతల ఉన్నవాళ్ళకు అప్పు పుట్టే దారో పని దొరికే దారో చూపకుండా గోడ ఒక్కటే కడితే చాలదని మాత్రం అంటాను.

చివరికి అక్క పోలేదు, బావ పోయాడు. ఆయనా పది తప్పినవాడే. ఇంటి డ్రైవరుగా అదే 20 నంబరు వీసా. అయితే ఈ-మైగ్రేట్‌లో పేరున్న ఏజెంటు ద్వారా పోయాడు. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవారుసుము కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప మరేమీ తీసుకోరాదు. 275 రూపాయలు కడితే రెండేండ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా. ఒప్పందం నకలు ఒకటి మా ఇంటి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కనే ఉంది. కష్టం తగ్గిందా అంటే లేదు. ఎండ అదే, ఎడబాటు అదే. కానీ బావ ఎవరింట్లో ఉన్నాడో, ఎంత జీతానికి ఒప్పుకున్నాడో రెండు ప్రభుత్వాలకు తెలుసు. రేపేదైనా జరిగితే అడగడానికి మా చేతిలో ఒక కాగితం ఉంది. వీసా అంటే విమానం ఎక్కించే ముద్ర అనుకుంటాం గాని, ఆపదలో మన గురించి ఎవరు జవాబు చెప్పాలో రాసిపెట్టిన పత్రం అది.

ఆ పత్రానికీ హద్దులున్నాయి. అక్క కొడుకు "నాయనను మనమే పోయి చూద్దాం" అని మారాం చేస్తాడు. 2024 జనవరిలో కువైట్ ప్రభుత్వం కుటుంబ వీసాలు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నెలకు 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టింది. ఇంటి డ్రైవరు జీతం దాని దరిదాపులకు రాదు. పిల్లవాడికి దినార్ల లెక్క ఎలా చెప్పేది?

మిత్రులారా! మనలో చాలామందిమి రైతు బిడ్డలం, కూలీల బిడ్డలం. ఎఫ్-1 నియమాలు ఇంత శ్రద్ధగా చదివే మనకు, ఊళ్ళో మన అమ్మలూ అక్కలూ వేలిముద్ర వేసే కాగితం చదవడం ఒక లెక్కా? సెలవులకు పోయినప్పుడు నాలుగే నాలుగు చూడండి. వీసా మీద నంబరు ఎంత? రాసిన పనీ చెప్పిన పనీ ఒకటేనా? ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందా? ఒప్పందం నకలు ఇంట్లో ఉందా? వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా టికెట్టు ఎవరు కొన్నా సరే, ప్రయాణం ఆపించండి. పొలం కొనేటప్పుడు సర్వే నంబరు, హద్దులు చూడకుండా మన పెద్దలు బయానా ఇస్తారా? మనిషిని పంపేటప్పుడు అంతకంటే తక్కువ చూడటం న్యాయమా?