కడుపునొప్పియు మెదడు చిత్రమును

రోగి రెండు విధముల బాధపడును. రోగమువలన కలుగు బాధ యొకటి. చుట్టునున్నవారు నమ్మకపోవుటవలన కలుగు బాధ మఱియొకటి. విఱిగిన చేతికి కట్టు సాక్షి. జ్వరమునకు ధర్మామీటరు సాక్షి. సాక్ష్యము లేని రోగము పట్టినవారి గతి యేమి? అట్టి రోగములలో నొకదానిని గూర్చి ఈ నెల ముచ్చటింప దలచితిమి.

దీనిని వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, క్లుప్తముగా ఐ.బి.ఎస్. అనియు పిలుతురు. మనము పేగుల చికాకు అనవచ్చును. కడుపునొప్పి మాటిమాటికి వచ్చును; మలవిసర్జనముతో అది తగ్గుటయో హెచ్చుటయో జరుగును; కొందఱికి మలబద్ధము, కొందఱికి విరేచనములు, కొందఱికి రెండును. 2016లో వెలువడిన రోమ్ నిబంధనల నాల్గవ కూర్పు ప్రకారము, గడచిన మూడు నెలలలో వారమునకు ఒక దినమైనను నొప్పి యుండవలెను. అయినను లోపలికి గొట్టము పంపి చూచినచో పేగు నిర్దోషముగానే కనబడును.

మా బంధువులలో ఒక యిల్లాలు కలదు. ఆమె పెండ్లిండ్లకు పోదు. బస్సు ఎక్కవలసి వచ్చినచో ముందునాటి రాత్రి నుండియే అన్నము మానును. పరీక్షలన్నియు ముగిసిన పిమ్మట ఒక వైద్యుడు కాగితములు మడిచి, "ఇదంతయు మీ మనస్సులోనిదేనమ్మా" అని పంపివేసెను. నాటి నుండి ఇంటిలో ఆమె నొప్పికి పనిదొంగతనమను పేరు వచ్చినది. క్రమముగా ఆమె తన నొప్పిని చెప్పుట మానినది. నొప్పి మాత్రము మానలేదు.

కడుపునకును మనస్సునకును గల పొత్తు మన భాష యెఱుగనిది కాదు. ఓర్వలేనితనమును కడుపుమంట యనుచున్నాము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమును కడుపుకోత యనుచున్నాము. ఆశీర్వదింపవలసి వచ్చినపుడు "నీ కడుపు చల్లగా" అనుచున్నాము. శాస్త్రజ్ఞులు దీనినే కంటితో చూచిరి. 1822లో అమెరికాలో తుపాకి దెబ్బ తగిలి పొట్టకు రంధ్రము పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పనివానిని బోమాంట్ అను వైద్యుడు ఏండ్ల తరబడి పరిశీలించి, కోపము వచ్చినపుడు జీర్ణక్రియ చెడుటను గమనించెను. తరువాత కానన్ అను పండితుడు ఎక్స్‌రే కిరణములతో పిల్లుల పొట్టను చూచుచుండగా, పిల్లి బెదరినంతనే పొట్ట కదలిక నిలిచిపోయినది.

రోగి నొప్పి కల్పితము కాదని తెలుపు ప్రయోగము 1973లో జరిగినది. రిచీ అను వైద్యుడు పెద్దపేగు చివరిభాగమున చిన్న బుడగను నిలిపి గాలి నింపెను. అరువది మిల్లీలీటర్లకే రోగులలో సగమునకు పైగా నొప్పి యనిరి. ఆరోగ్యవంతులలో అట్లనినవారు నూటికి ఆరుగురు మాత్రమే. పేగు ఒకటే, బుడగ ఒకటే, అనుభవము వేఱు. ఆ వేఱిమి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానమును మెదడులో వెదకిరి. మెదడున ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము హెచ్చుగా పాఱును. పెట్ స్కాన్, క్రియాత్మక ఎం.ఆర్.ఐ. అను యంత్రములు ఆ రక్తపు మార్పును చిత్రముగా చూపును. 1997లో లాస్ ఏంజెలీస్ పరిశోధకులు బుడగను ఊదుచు మెదడును చిత్రించిరి. నొప్పి కలిగినపుడు ఆరోగ్యవంతులకు మెదడు నడుమనున్న సింగ్యులేట్ భాగము మేల్కొనినది. రోగులకు అది కాక, నుదుటి వెనుక ఎడమప్రక్క భాగము మేల్కొనినది. విశేషమేమనగా, బుడగను ఊదక, ఊదబోవుచున్నామని తోపింపజేసినను రోగుల మెదడులో ఆ భాగము మేల్కొనినది. రాబోవు నొప్పికై శరీరము ముందే కాచుకొని యుండెనన్నమాట. బస్సు ఎక్కుటకు ముందునాడే అన్నము మానిన ఇల్లాలిని పరిహసించువారు దీనిని తలచుకొందురు గాక.

శాస్త్రము ఇంత సుళువుగా ముగియదు. 2000లో మఱియొక పరిశోధన, ఆ సింగ్యులేట్ భాగమే రోగులలో హెచ్చుగా మేల్కొనునని చూపినది. 2011లో పెక్కు పరిశోధనలను కూడి లెక్కించినపుడు, భావోద్వేగములకు సంబంధించిన భాగములు రోగులలో అధికముగా పనిచేయుట కానవచ్చినది. ఇవియన్నియు గుంపులను గుంపులతో పోల్చి తేల్చిన మాటలు. ఒక్క మనిషి మెదడు చిత్రమును చూచి ఈ రోగమును నిర్ణయింప వీలులేదు. లెక్కయందు జాగ్రత్త లేకున్న చిత్రము ఎట్లు మోసగించునో తెలుపుటకై 2009లో కొందఱు చచ్చిన సాల్మన్ చేపను యంత్రమున పెట్టి, అందును "మేల్కొనిన" చుక్కలను చూపిరి! కావున చదువరులారా, ఈ చిత్రముకొఱకు నగలు కుదువ పెట్టవలదు. అయితే మలములో రక్తము పడుట, బరువు తగ్గుట, రక్తహీనత, నడివయస్సు దాటిన పిదప క్రొత్తగా నొప్పి మొదలగుట కలిగినచో పేగును తప్పక పరీక్షింపించుకొనవలెను.

మఱి మెదడు చిత్రము మనకేమి నేర్పినది? "మనస్సులోనిది" అనిన "లేనిది" అని అర్థము కాదని నేర్పినది. మెదడును శరీరమే. పేగునకును మెదడునకును నడుమ వేగస్ అను నాడి కలదు. అందలి తంతువులలో అధికభాగము క్రింది నుండి పైకి వార్తలు చేర్చునవే. వార్త చిన్నదైనను పైనున్న అధికారి దానిని పెద్ద ఆపదగా గ్రహించిన, బాధ నిజముగా పెద్దదే యగును. అందుచేతనే ఆహారనియమములు కొందఱికి మేలు చేయుచుండగా, మనస్సునకు చేయు చికిత్సలును మేలుచేయుచున్నవి. 1984లోనే ఇంగ్లండున వోర్‌వెల్ అను వైద్యుడు హిప్నాటిజముతో ఈ రోగులకు ఉపశమనము కలుగునని చూపెను. అట్టి చికిత్సకు ఒప్పుకొనుట తన నొప్పి అబద్ధమని ఒప్పుకొనుట కానేరదు.

ఒక స్త్రీ మాటను నమ్ముటకు మనకు లక్షల విలువగల యంత్రము సాక్ష్యము కావలసివచ్చినది. ఇది యంత్రమునకు గొప్పయే గాని మనకు గౌరవము కాదు. వైద్యులు "ఏమియు లేదు" అను మాటను విడిచి, "ప్రమాదమైనది లేదు, నొప్పి మాత్రము నిజమే" అని చెప్పుట నేర్చుకొనవలెను. ఇంటివారు నమ్ముట నేర్చుకొనవలెను. ఊరివారు బడులలోను బస్సు నిలయములలోను ఆడువారికి శుభ్రమైన మరుగుదొడ్లు కట్టింపవలెను. మెదడు చిత్రములు రానున్న యేండ్లలో ఏమి చూపునో చూతము. ఈ పనులకు మాత్రము అంతవఱకు వేచియుండనక్కఱలేదు.