నిశ్శబ్ద జలనిర్గమం

ఇత్తడి గిన్నె నడుమ వసుదేవుని ప్రతిమ, ఆయన శిరస్సున శిశురూపుడైన శ్రీకృష్ణుడు. గిన్నెలో నీరు పోసినకొద్దీ యమున వలె పైకి లేస్తుంది. స్వామి పాదాన్ని తాకిన క్షణాన నీరంతా అడుగునుండి జారిపోతుంది. ఈ పాతకాలపు క్రీడావస్తువును చూసినవారు నమస్కరిస్తారు. ప్రతిమ గర్భంలో దాగిన వంపు గొట్టాన్ని ఎరిగినవారు కూడా నమస్కరిస్తారు, అందులో దోషమేమీ లేదు. నీరు ఆ వంపు శిఖరాన్ని దాటినంతనే గొట్టం నిండుతుంది, క్రిందికి జారే జలభారం వెనుకటి నీటిని తనవెంట లాగుతుంది. చివరకు గాలి చొరబడి, ఒక్క గుటకశబ్దంతో ధార తెగుతుంది.

వనపర్తి జిల్లా పాన్‌గల్‌లో ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్రోపాధ్యాయునికి ఈ గుటకశబ్దమే సమస్య అయింది. ఆయన ఇంటి ముందుగదిలో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల అక్వేరియం ఉన్నది. నిండితే సుమారు 240 లీటర్లు. తొట్టిలో ఒక మూలనున్న గాజు అరలోకి నీరు పొర్లి, నిలువు గొట్టం ద్వారా క్రిందనున్న శుద్ధిపాత్రకు, అనగా సంప్‌కు దిగుతుంది. మోటారు దానిని తిరిగి పైకి పంపుతుంది. దిగే నీరు రాత్రంతా గుడగుడలాడేది. రెండు నిమిషాలకొకసారి పెద్ద గుటక.

తొట్టిని తీసివేయుట సులభం. కాని అదే గదిలో ఆయన తల్లి మంచం ఉన్నది. నడక ఉడిగి, చూపు కొంత మిగిలిన ఆ వృద్ధమాతకు పగటిపూట ఉన్న ఒకే వినోదం ఆ బంగారు చేపల సంచారం. రాత్రి ఉన్న ఒకే బాధ ఆ శబ్దం. “ఏందిరా నాయనా ఆ గుడగుడ, రాత్రంత కన్ను మూతపడలె” అని ప్రతి ఉదయం ఆమె మాట. చేపలు ఉండాలి, శబ్దం పోవాలి.

శబ్దకారణాన్ని ఆయన శాస్త్రదృష్టితోనే వెదికారు. మన నాదశాస్త్రం ఆహతమనీ అనాహతమనీ ధ్వనిని రెండుగా విభజించింది. రెండు వస్తువుల సంఘర్షణ నుండి పుట్టేది ఆహతం. నీరు ఒంటరిగా గొట్టంలో దిగితే ధ్వని దాదాపు శూన్యం. గాలి ఒంటరిగా ఉన్నా అంతే. రెండూ ఒకే ఇరుకు మార్గంలో పెనగులాడినప్పుడే ఘోష. ఆయన మోటారు గంటకు సుమారు 2000 లీటర్లు పంపుతుంది; అంగుళపు గొట్టం పూర్తిగా నిండి ప్రవహిస్తే అంతకు మించి దించగలదు. కనుక గొట్టం నిండుతుంది, వచ్చినదానికన్న ఎక్కువ మింగుతుంది, అరలో మట్టం పడిపోతుంది, గాలి చొరబడుతుంది, ధార తెగుతుంది, మళ్లీ నిండుతుంది. వసుదేవుని గిన్నె రాత్రంతా నిండి ఒలికినట్లే.

మొదట ఆయన చేసినది అక్వేరియం ప్రియులు డర్సో గొట్టమని పిలిచే ఏర్పాటు. రిచర్డ్ డర్సో అనే అమెరికన్ పేరిట ప్రసిద్ధమైనది. నిలువు గొట్టం తలపై టీ అమర్చి, ప్రక్కకు వచ్చే కొమ్మకు క్రిందికి వంగిన ఎల్బో తగిలించి, పైమూతకు చిన్న రంధ్రం చేయాలి. నీరు ఉపరితలం క్రిందనుండి ప్రవేశిస్తుంది, గాలి పైరంధ్రం నుండి ప్రశాంతంగా అందుతుంది. రంధ్రం చిన్నదైతే గుటక తిరిగి వస్తుంది; పెద్దదైతే గుడగుడ మిగులుతుంది. మధ్యస్థితి కొరకు ఆయన నాలుగు మూతలు పాడుచేశారు. ఘోష సగమైంది. నిద్రపట్టని వృద్ధులకు సగం శబ్దం కూడా పూర్తి శబ్దమే.

పరిష్కారం ఊరి చెరువు వద్ద దొరికింది. వనపర్తి సంస్థానాధీశుల కాలపు శ్రీరంగాపురం రంగసముద్రమైనా, పేరులేని చిన్న కుంటయైనా, చెరువుకు రెండు ద్వారాలు తప్పవు. తూము పొలానికి నీరిస్తుంది, దానిని నీరటి తన విచక్షణతో బిగిస్తాడు, సడలిస్తాడు. అలుగు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. కట్టకన్న తక్కువ ఎత్తున ఎల్లవేళలా తెరచి ఉండి, నీరు మించిన నాడు మాత్రమే పారుతుంది. నియమించదగినది ఒకటి, నియమించరానిది ఒకటి. ఈ రెంటినీ ఒకే గొట్టంలో ఇమడ్చబోయినందువల్లనే తన ఇంట ఇన్ని తంటాలని ఆయనకు తోచింది.

గాజు అరలో ఇప్పుడు రెండు గొట్టాలు. మొదటిదాని నోరు ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటుంది. సంప్ దగ్గర దానికి గేట్ వాల్వ్. బాల్ వాల్వ్ పావు చుట్టులోనే తెరచుకుని మూసుకుంటుంది గనుక సూక్ష్మ సవరణకు గేట్ వాల్వే ఉచితం. దానిని కొద్దికొద్దిగా బిగిస్తే, వచ్చే నీరూ పోయే నీరూ సమమై గొట్టం గాలిలేక నిండుగా పారుతుంది. పూర్ణప్రవాహంలో ధ్వని లేదు. రెండవ గొట్టం నోరు రెండంగుళాలు ఎత్తున, పొడిగా. దానికి వాల్వ్ పెట్టరాదు. మొదటిది పూర్తిగా మూసి, మోటారు ధారనంతా రెండవది ఒక్కటే మోయగలదని చూచిన తరువాతనే ఆయన ఆ రాత్రి నిద్రించారు. క్రింది కొసలు సంప్ నీటిలో అంగుళానికి మించి మునగకూడదు, లేకుంటే ఆరంభంలో చిక్కిన గాలి వెలుపలికి పోలేదు.

కరెంటు పోయినప్పటి మాట వేరు. మోటారు ఆగితే తొట్టిలో అంగుళం మట్టం తగ్గినా దాదాపు 14 లీటర్లు క్రిందికి వస్తాయి. సంప్‌లో అంత ఖాళీ ఉండాలి. పైకెక్కే గొట్టం గుండా నీరు వెనుకకు లాగబడకుండా, దానికి ఉపరితలం దిగువనే ఒక చిన్న రంధ్రం చేయాలి. మట్టం దిగగానే గాలి చొరబడి ఆ ధారను తెంచుతుంది. రాత్రి శత్రువైన గాలి ఇక్కడ రక్షకుడు.

ఉపాధ్యాయుడు దీనిని గీతలోని ద్వితీయాధ్యాయపు 70వ శ్లోకంతో పోల్చడానికి ఇష్టపడతారు: నదులెన్ని వచ్చి చేరినా చలించని సముద్రం. పోలిక రమ్యమే కాని పూర్తిగా నిలువదు. గీతలోని సముద్రం నిశ్చలంగా ఉన్నది తన పూర్ణత్వం చేత, నిర్గమద్వారం చేత కాదు. స్థితప్రజ్ఞునికి వాల్వ్ సవరించేవారు అక్కరలేదు. తొట్టి స్థైర్యం సాధకుని స్థైర్యం వంటిది, నెలకొకసారి వాల్వ్ కడగాలి.

తొలి నిశ్శబ్ద రాత్రి ఆ తల్లి నిద్రించలేదు. “నీళ్లు ఆగినయా ఏందిరా? చేపలు సచ్చిపోతయి” అని కొడుకును లేపింది. ఆయన తిరుగుధార కొసకు ఒక ఎర్రదారం కట్టి, అది ఊగుతున్నంతసేపు నీరు నడుస్తున్నదని చూపారు. ఆషాఢంలో ఒక అర్ధరాత్రి ఆమెయే మళ్లీ పిలిచింది. దారం ఊగుతున్నది, కాని రెండవ గొట్టం గలగలమంటున్నది. దీపం వేసి చూస్తే మొదటి గొట్టం నోటికి నీటిమొక్క ఆకు అడ్డుపడి ఉన్నది. అలుగు పారుతున్నది, నేల పొడిగా ఉన్నది. ఆయన చేయి ముంచి ఆకు తీశారు.