పక్కవాడి వేలు

రెండు బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి. పైపైన చూస్తే రెండూ ఒక్కటే. తీరా చూస్తే ఒకదాంట్లో పిల్లి తోక ఎడమకు ఉంటుంది, ఇంకోదాంట్లో కుడికి. ఒక చొక్కాకు నాలుగు గుండీలుంటే రెండో చొక్కాకు మూడే. ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో వచ్చే ఈ తేడాల ఆట ఆడని తెలుగు ఇల్లు తక్కువ. పెన్సిలు పట్టుకుని కూర్చునేది పిల్లవాడు. తేడా పట్టేది మాత్రం వాడి వెనక నిలబడి చాయ తాగుతున్న చిన్నాయన. "గోడ మీది బల్లిని చూడరా" అంటాడు, అనేలోపే వేలు పేపరు మీద పెట్టేస్తాడు. పిల్లవాడు మూతి ముడుచుకుంటాడు. మరు నిమిషంలో ఇద్దరూ కలిసి మిగిలిన తేడాల కోసం వెతుకుతుంటారు.

ఇదే ఆటను అద్దం వెనక పెట్టి అమెరికా బార్లలో కౌంటరు మీద కూర్చోబెట్టారు. పెన్సిల్వేనియాకు చెందిన మెరిట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ 1990లలో మెగాటచ్ పేరుతో ఒక పెట్టెను తెచ్చింది. చిన్న టీవీ అంత ఉంటుంది, తాగే గ్లాసు పక్కన పడుతుంది. లోపల పేకాటలు, ప్రశ్నలు-జవాబులు, పదాల ఆటలు, వాటితో పాటు ఫోటో హంట్ అనే ఈ తేడాల ఆట. మీట లేదు, గుండ్రటి బొత్తాలు లేవు. బిళ్ళ వేసి తెర మీద వేలు పెట్టడమే. తప్పు చోట పెడితే మిగిలిన టైములో కొంత పోతుంది. డబ్బులు వేసినవాడు ఒకడే. కాని పక్క స్టూలు మీద కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాడు మెడ చాచి చూస్తాడు, ఉండబట్టలేక తన వేలూ పెట్టేస్తాడు. సరైతే ఇద్దరూ నవ్వుతారు, తప్పైతే వాడి మీద కేకలు. ఎట్లయినా మాట కలుస్తుంది. ఈ పెట్టె చరిత్ర తిరగేస్తే నా మనసు ఆగేది ఈ రెండోవాడి వేలు దగ్గరే.

వేలు అద్దం మీదికి రావడానికి చాలా కాలమే పట్టింది. ఇంగ్లండులో రాడార్ పరిశోధనశాలలో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లో టచ్ స్క్రీన్ గురించి మొదటి వ్యాసం రాశాడు. ఆయన మనసులో ఉన్నది ఆట కాదు, విమానాల రాకపోకలను చూసుకునే ఉద్యోగి బల్ల. 1972 నాటికి ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే బోధన కంప్యూటరు నాలుగో తరానికి వచ్చేసరికి దాని తెర చుట్టూ కంటికి కనపడని పరారుణ కిరణాలు అడ్డంగా నిలువుగా పరుచుకుని ఉండేవి. వేలు ఏ గడిలో అడ్డుపడిందో యంత్రం ఆ గడిని గుర్తుపట్టేది. అక్కడ వేలైనా ఒకటే, పుల్లైనా ఒకటే. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నది జాన్సన్ తరహా పద్ధతి. చర్మంలోని తడి, దాని గుండా పారే అతి చిన్న విద్యుత్తు దానికి కావాలి.

అందుకే ఈ అద్దానికి అందరి వేళ్లూ ఒకే తీరుగా తెలియవు. కేసముద్రం మార్కెట్ యార్డులో ఏళ్ల తరబడి బస్తాలెత్తిన హమాలీ వేలి కొస కాయకట్టి, ఎండి ఉంటుంది. ఒకటికి రెండుసార్లు నొక్కినా తెర కదలదు. ఆయన ఫోను పక్కనున్న పిల్లవాడి చేతికిచ్చి "జర నొక్కు బిడ్డా" అంటాడు. ఇది ఆట కాదు, బతుకు అవసరం. అయినా ఇక్కడ కూడా పని జరిగేది పక్కవాడి వేలుతోనే.

బారుకూ ఆట యంత్రానికీ చుట్టరికం టచ్ స్క్రీన్ కంటే ముందుది. 1971లో కంప్యూటర్ స్పేస్ అనే యంత్రం వచ్చింది. అంతరిక్ష నౌకను తిప్పడానికి బోలెడన్ని బొత్తాలు, చదువుకోవడానికి సూచనలు. ఓ గ్లాసు తాగుదామని వచ్చినవాడికి అంత ఓపిక ఎక్కడిది? మరుసటి ఏడాది అటారీ కంపెనీ వాళ్లు, అలన్ ఆల్కార్న్ తయారుచేసిన పాంగ్‌ను కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్లో, ఆండీ క్యాప్స్ అనే బారులో పెట్టి చూశారు. తిప్పడానికి ఒక గుబ్బ, కొట్టడానికి ఒక చుక్క. అంతే. కొద్ది రోజులకు యంత్రం చెడిపోయిందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే చెడిందేమీ లేదు, బిళ్ళలు నిండిపోయి ఇరుక్కుపోయింది. ఈ కథను అందరూ డబ్బు కథగా చెబుతారు. నాకు అందులో గొప్పగా తోచేది వేరే. ఆ పాంగ్‌ను ఒక్కడే ఆడలేడు, ఎదురుగా ఇంకొకడు ఉండి తీరాలి. బారులో ఒంటరిగా కూర్చున్నవాడు లేచి ఇంకొకణ్ణి పిలవక తప్పదు.

మా వైపు బార్లలో అలాంటి పెట్టె నేను చూడలేదు. మా వైపంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి. మూడూ 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనివే. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉంటుంది గాని అక్కడి నోళ్లలో అది మానుకోటే. మొదటి రెండూ రైలు ఊళ్లు, మూడోది బొగ్గు ఊరు, దానికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సే దిక్కు. ఆ రైలు ఊళ్లలో బిళ్ళ మింగే యంత్రం అంటే మొదట గుర్తుకొచ్చేది రైల్వే స్టేషన్లలో బరువు తూచే మిషన్. రంగురంగుల బల్బులు, గిరగిరా తిరిగే చక్రం, చివర్లో టప్పున పడే అట్టముక్క. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. బరువు ఎవరికీ పట్టదు. జాతకం మాత్రం వెంట వచ్చినవాళ్లంతా చేతులు మార్చుకుంటూ చదివేవారు. తూగింది ఒకరు, ఆనందం అందరిది.

ఆ తర్వాత వీడియో గేమ్ షాపులు. బస్టాండు సందుల్లో, సినిమా హాళ్ల పక్కన, షట్టరు సగం దించి చీకటిగా ఉంచిన గదులు. లోపల నిలువెత్తు పెట్టెలు. వాటిలో రాజు ముస్తఫా. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని విడుదల చేసిన ఆటకు దేశమంతా పిల్లలు పెట్టుకున్న పేరది. మార్క్ షుల్జ్ గీసిన కామిక్ కథ దానికి మూలం. ఆడేవాళ్లు ఎంచుకోగలిగిన నలుగురిలో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా, అంతే. ఆట అసలు పేరు పలకడం ఎవరికి కావాలి? ఎగిరి తన్నే ముస్తఫానే అందరికీ ముద్దు.

ఆ గదిలో ఆడేవాడు ఒకడైతే చూసేవాళ్లు బోలెడు. జేబులో రూపాయి లేనివాడికి కూడా అక్కడ చోటుండేది. "ఎన్కనుంచి వస్తుండు, దుంకు!" "ఆ డ్రమ్ము పగలగొట్టు, దాంట్ల కోడి ఉంటది!" ఇదంతా వెనకనుంచే. చూసి చూసి ఆట మొత్తం నోటికి వచ్చినవాడు, తన వంతుగా ఎన్నడూ బిళ్ళ వేయనివాడు, ఆ గదిలో అందరికంటే పెద్ద గురువు. ఆఖరు ప్రాణం మిగిలి బాసు ఎదురైనప్పుడు ఆడేవాడే పక్కకు జరిగి మీట ఆ గురువు చేతిలో పెట్టేవాడు. ఆ మర్యాదను నేను చూశాను. అలాంటి మర్యాద పిల్లలకు ఎవరు నేర్పుతారో నాకు తెలియదు, కాని ఆ ఇరుకు గదుల్లో అది ఉండేది.

అది వీడియో గేములతో పుట్టిందీ కాదు. మూడు పులులు, పదిహేను మేకలు, త్రికోణంలో గీతలు. పులిమేక ఆటకు కావలసింది రెండు జతల చేతులే. దక్షిణాదిలో పాత గుళ్ల రాతి అరుగుల మీద ఆ గీతలు చెక్కి ఉండటం మామూలు. అరుగు మీద గీసిన ఆటకు తలుపు ఉండదు. మేకలను ఆడించేవాడి పక్కన ఓ పెద్దాయన చుట్ట వెలిగించుకుని కూర్చుంటే చాలు, మేకలు బతికిపోతాయి. భూపాలపల్లిలో షిఫ్టు దిగిన గని కార్మికుల క్యారమ్స్ కూడా అంతే. సింగరేణిలో కార్మికుల ఆటల కోసం వర్క్‌పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది, పోటీలు ఉంటాయి, కప్పులు ఇస్తారు. కాని బోర్డు చుట్టూ నిలబడి "రెడ్డు వదిలెయ్యి, ముందు కవరు చూసుకో" అనేవాళ్లకు కప్పు లేదు. ఉండాల్సింది.

పక్కవాణ్ణి గట్టిగా పట్టించుకున్నది ఒక్క చట్టమే. 1974 నాటి జూద నిరోధక చట్టం ప్రకారం, పేకాట స్థావరంలో ఆడుతూ దొరికినవాడికే కాదు, ఆట కోసం అక్కడ ఉన్నవాడికీ శిక్షే. అంతకు ముందు నిజాం కాలపు చట్టం, ఫసలీ 1305 నాటిది, మన ప్రాంతంలో నడిచేది. దాని కిందే 1963లో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో కోర్టు, రమ్మీ పూర్తిగా అదృష్టం ఆట కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అందులో నైపుణ్యం ఉంది అని చెప్పింది. దేశంలో రమ్మీ గురించి తర్వాత జరిగిన వాదాలన్నీ ఈ మన సికింద్రాబాద్ తీర్పు చుట్టూనే తిరిగాయి. ఫోన్లలో రమ్మీ వచ్చినప్పుడు కంపెనీలు దాన్నే గొడుగుగా పట్టుకున్నాయి. 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను దాని కిందికి తెచ్చింది, నైపుణ్యం ఆటలన్న మినహాయింపునూ తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

నైపుణ్యమా అదృష్టమా అన్న చర్చ న్యాయమూర్తులకు అవసరమే. కాని నా లెక్క వేరే. కల్లు మండువలో చెట్టు కింద పేక ముక్కలు పంచుకుంటే పక్కన గుడాలు తింటూ చూసేవాడు ఒకడుంటాడు. ఆడేవాడు వరసగా ఓడుతుంటే వాడే "ఇగ చాలు, లెవ్వు. ఇంటికాడ ఎదురుచూస్తరు" అంటాడు. వినకపోతే భుజం పట్టి లేపుతాడు. పక్కవాడి వేలుకు ఆ పని కూడా ఉంది. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోనులో ముక్కలు వేసేవాడికి ఆ వేలు అందలేదు. ఎదుటివాడి మొహం లేదు, పక్కవాడి గొంతు లేదు, పోయిన డబ్బు కూడా తెర మీది అంకె మాత్రమే. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు మన జిల్లా ఎడిషన్లలో ఎన్ని చదివాం! ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసేది అన్నీ అయిపోయాకే. చట్టం తలుపు మూయగలదు, మూసింది, మంచిదే. భుజం మీద చెయ్యి వేయడం మాత్రం దానివల్ల కాదు.

మెగాటచ్ పెట్టెల తయారీ 2014లో ఆగిపోయింది. బారుకు వచ్చిన ప్రతివాడి జేబులోనూ ఒక తెర ఉన్నప్పుడు కౌంటరు మీది తెరకు బిళ్ళ ఎవరు వేస్తారు? అదే ఆట, అదే వేలు, అంతకంటే మంచి అద్దం. అరచేతిలో పట్టేంత తెర కావడంతో పక్కవాడికే చోటు లేకుండా పోయింది.

ఇలా అనుకుని నిరాశపడే వేళ గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మానుకోటలో ఎక్కి వరంగల్, కాజీపేట మీదుగా జనగామ వైపు వెళ్లే జనరల్ బోగీలో, ఒడిలో పెట్టుకున్న బ్యాగు మీద ఒక ఫోను వెల్లకిలా పడుకుని ఉంటుంది, అచ్చం క్యారమ్ బోర్డులా. నాలుగు పక్కల నుంచి నాలుగు వేళ్లు. ముంబయిలో గేమేషన్ అనే కంపెనీ 2016లో వదిలిన లూడో కింగ్ అది. నెట్ లేకున్నా నడుస్తుంది, ఒకే ఫోను మీద వంతులవారీగా ఆడుకోవచ్చు. మన పచ్చీసునే ఇంగ్లండువాళ్లు గళ్లు సులువు చేసి 1896లో లూడో అని పేటెంటు తీసుకున్నారు. గవ్వలు పోయి పాచిక వచ్చింది, గుడ్డ పోయి అట్ట వచ్చింది, అట్ట పోయి అద్దం వచ్చింది. మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాయను చంపుతారు, కాయ పండుతుంది, ఆరు పడితే ఇంకో పందెం.

ఒకసారి అలా ఆడుతున్న కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి కాజీపేటలో దిగాల్సి వచ్చింది. ఆమె పచ్చ కాయల్లో ఒకటి పండింది, రెండు దారిలో ఉన్నాయి, ఒకటి ఇంకా లోపలే. ఎదురు సీట్లో, వరంగల్ నుంచీ ఆట చూస్తూ మధ్యమధ్య "అది జరపకు, ఎనుక ఎర్రది కాసుకున్నది" అని హెచ్చరిస్తున్న ఓ పెద్దామె ఉంది, పక్కన కూరగాయల గంప. ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుంటూ "అమ్మమ్మా, నా కాయలు నువ్వాడు" అంది. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని ముందుకు జరిగింది. "నాకు ఈ ఫోన్ల సంగతి రాదు బిడ్డా, అష్టాచెమ్మ అయితే వస్తది" అంటూనే తెర మీద వేలు పెట్టింది. ఘన్‌పూర్ దాటేసరికి ఎర్ర కాయను రెండుసార్లు చంపింది. ఆ ఎర్ర కాయల కుర్రవాడు, అమ్మమ్మను ఆటలోకి రానిచ్చినందుకు తన స్నేహితులతో జనగామ దాకా గొడవపడుతూనే ఉన్నాడు.