ముందు బస్సు కిందకి దూరు

పాత స్కూల్ బస్సు కొనడానికి వెళ్తే అందరూ ముందు చేసే పని ఇంజన్ స్టార్ట్ చేయించడం. సౌండ్ బావుందా, పొగ వస్తోందా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఇవే ప్రశ్నలు. నడపడానికి కొనేవాళ్ళకి అది కరెక్టే. కానీ బస్సుని ఒక చోట నిలబెట్టి, అందులో కాఫీ అమ్మాలి, రాత్రికి ఇద్దరు ముగ్గురు పడుకునేలా చెయ్యాలి అనుకుంటే ఆ లెక్క తిరగబడుతుంది. ఇంజన్‌తో మనకి పని ఒక్క రోజు. బాడీతో పని ఇరవై ఏళ్ళు.

ఈ వేసవి సెలవుల్లో మా మావయ్యకి తోడుగా వెళ్ళి రెండు బస్సులు చూశాను. సీఎస్‌ఈ వాడికి బస్సు కింద ఏం పని అని మా రూమ్మేట్ నవ్వాడు. కాబట్టి ఎందుకో ముందు చెప్పాలి.

మా అమ్మ వాళ్ళది అరకు లోయలో సుంకరమెట్ట వైపు ఒక గూడెం. మేం కొండదొరలం. నాన్న ఉద్యోగం వల్ల నేను విశాఖలో ఇంగ్లీష్ మీడియంలో పెరిగాను, మావయ్య అక్కడే కాఫీ తోటలో ఉండిపోయాడు. ఎకరంన్నర తోట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు. ఇవన్నీ నేను ఫోన్‌లో చూసి మావయ్యకి చెప్పినవే. ఆయన గింజలు అమ్ముతాడు. డిసెంబరు, జనవరిలో మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళకి రోడ్డు పక్కన కప్పు కాఫీ మాత్రం వేరేవాళ్ళు అమ్ముతారు. గింజకీ కప్పుకీ మధ్య ఉన్న తేడా ఎంతో మావయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మావయ్యకి రోడ్డు పక్కన ఆరు సెంట్ల ముక్క ఉంది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులు కొనడానికి లేదు, లీజుకి తీసుకోడానికి కూడా లేదు. దాన్నే మావాళ్ళు 1/70 చట్టం అంటారు, అంటే 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా మా అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిందే. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. చట్టం ఇంత గట్టిగా ఉంది కాబట్టి కొనడానికి ఎవరూ రారు. "మీ పేరు, మా డబ్బు" అంటూ వస్తారు. పోయిన ఏడాది సిటీ నుంచి ఒకాయన వచ్చి, మావయ్య పేరు మీద టెంట్లు వేస్తామని, నెలకి ఎనిమిది వేలు ఇస్తామని, పదకొండేళ్ళకి కాగితం రాసుకుందామని అడిగాడు. మావయ్య సంతకం పెట్టలేదు. పెట్టలేదు గానీ, ఆయన మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆ ముక్కలో మనదంటూ ఏదో ఒకటి లేకపోతే ఏదో ఒక అవసరానికి ఆ సంతకం పెట్టేస్తానేమోనని మావయ్య భయం.

శ్లాబు వేసి గది కట్టాలంటే ఎనిమిది లక్షలు అన్నారు. చేతిలో ఉన్నవి మిరియాల డబ్బు లక్షన్నర, అత్త డ్వాక్రా సంఘంలో దొరికే లక్ష. అప్పుడు నేను మున్నార్ ఫొటోలు చూపించాను. 2020లో కేరళ ఆర్టీసీ వాళ్ళు పాత బస్సుల్లో బెర్తులు పెట్టి, మున్నార్ డిపోలో టూరిస్టులకి రాత్రి బసకి ఇచ్చారు. మన దగ్గర కూడా అదే ఏడాది కరోనా టెస్టుల కోసం ఆర్టీసీ ఇంద్ర బస్సుల్ని సంజీవని పేరుతో మార్చింది. బస్సుని గదిగా మార్చడం పిచ్చి ఆలోచన కాదని మావయ్య నమ్మడానికి అవి చాలు.

నేను ఒక గూగుల్ షీట్ తయారు చేశాను. నలభై వరుసలు. మన ప్రాజెక్ట్ రివ్యూల్లో లాగా ఒక్కోదానికి పదేసి మార్కులు వేసి కూడే పద్ధతి పెట్టలేదు. అలా కూడితే ఇంజన్‌కి వచ్చిన తొమ్మిది, చాసిస్‌కి వచ్చిన సున్నాని కప్పేస్తుంది. యావరేజ్ బానే కనిపిస్తుంది, బస్సు మాత్రం విరుగుతుంది. అందుకే మూడు రంగులు పెట్టాను. బావుంటే ఆకుపచ్చ. డబ్బు పెడితే బాగయ్యేది పసుపు. మన డబ్బుతో బాగుచెయ్యలేనిది ఎరుపు. ఒక్క ఎరుపు వచ్చినా ఆ బస్సు వద్దు. ఎరుపు రాగల వరుసలు నాలుగే: చాసిస్, పైకప్పు ఫ్రేము, లోపలి ఎత్తు, కాగితాలు.

మొదటి బస్సు సముద్రం ఒడ్డున తిరిగిన ఒక స్కూల్‌ది. 2013 మోడల్, 3 లక్షల 10 వేలు చెప్పారు. కొత్త పసుపు రంగు మెరిసిపోతోంది. తాళం తిప్పగానే స్టార్టయింది. మావయ్య మొహం వెలిగిపోయింది. మాతో ఎస్.కోట నుంచి ఒక మేస్త్రి వచ్చాడు, ముప్పై ఏళ్ళుగా బస్సుల పనే చేస్తున్నాడు. ఆయన ఇంజన్ వైపు చూడనే లేదు.

"ఏటి బాబూ, సౌండేటి ఇంటావు. ముందు కిందకి దూరు" అన్నాడు నాతో.

గోనెసంచి పరుచుకుని దూరాను. కిందంతా తాజాగా నల్ల రంగు కొట్టి ఉంది. పదేళ్ళ బస్సు అడుగున కొత్త రంగు కనిపిస్తే, అది అందం కోసం కొట్టింది కాదని మేస్త్రి చెప్పాడు. చిన్న సుత్తి ఇచ్చి చాసిస్ పొడవునా తట్టమన్నాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి శబ్దం మొద్దుబారింది. నేల రేకుని మోసే అడ్డ కమ్మీల మీద స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. ఉప్పుగాలి పని అది. చాసిస్ మెయిన్ పట్టీకి ఒక చోట ముక్క పెట్టి వెల్డింగ్ చేశారు. షీట్లో ఎరుపు పెట్టేశాను. అమ్మేవాళ్ళు పాతిక వేలు తగ్గిస్తామన్నారు. ఎరుపుకి డిస్కౌంట్ లేదని మావయ్యే అనేసి బయటికి నడిచాడు.

రెండో బస్సు ఎస్.కోట దగ్గర్లో ఒక స్కూల్‌ది. 2011 మోడల్, 32 సీట్లు. స్కూల్ బస్సులకి మన రాష్ట్రంలో 15 ఏళ్ళే గడువు. పైగా ఏటా మే నెలలో మళ్ళీ ఫిట్‌నెస్ చేయించాలి. ఇంకో ఏడాది కోసం అంత రిపేరు ఎందుకని వాళ్ళు అమ్మేస్తున్నారు. రంగు వెలిసిపోయింది. సీట్ల వెనకాల కంపాస్‌తో చెక్కిన పేర్లు, స్టిక్కర్లు, ఎవరో వేసిన గుణకారాలు. 2 లక్షల 60 వేలు చెప్పారు.

ఈ బస్సు స్టార్టవడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మేం పొద్దున్నే, వాళ్ళు ఇంజన్ వేడి చెయ్యకముందే వెళ్ళాం. ముందే వేడి చేసి ఉంచితే జబ్బులు దాక్కుంటాయి. తెల్ల పొగ వచ్చి నాలుగు నిమిషాల్లో ఆగిపోయింది. ఆగకపోతే కూలెంట్ నీళ్ళు లోపలికి పోతున్నాయేమోనని అనుమానించాలి. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోందని, నల్లది అయితే డీజిల్ సరిగ్గా మండట్లేదని. ఆయిల్ మూత తీసి చూశాం, లోపల పాలలాంటి తెట్టు లేదు. క్లచ్ అరిగిపోయింది, పసుపు. టైర్ల మీద ఉండే నాలుగంకెల నంబర్ చదవడం మేస్త్రి నేర్పాడు. 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది. అంత పాత టైరు గీతలు కనిపిస్తున్నా నమ్మకూడదు. అదీ పసుపే.

కానీ కింద తడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖంగుమంది. పైపైన తుప్పు ఉంది, గీకితే రాలిపోయి కింద గట్టి ఇనుము కనిపించింది.

పైకప్పు పరీక్ష మాత్రం అత్త చేసింది. నా షీట్లో "లీకేజీ: కంటితో చూడాలి" అని రాసుకున్నాను. అత్త అది విని, "మా కొండ మీద వాన కంటితో చూస్తే ఆగుద్దా?" అంది. స్కూల్ ఆయాని అడిగి బకెట్లు తెప్పించింది. మావయ్య వెనక నిచ్చెనెక్కి పద్దెనిమిది బకెట్లు పోశాడు. అత్త లోపల అరగంట కూర్చుని సీటు సీటుకీ కప్పు తడిమి చూసింది. పైన గాలి కిటికీ అంచు దగ్గర ఒక్క చోట కారింది. రబ్బరు మారిస్తే సరిపోతుంది. రివెట్ల దగ్గర ఎక్కడా చుక్క లేదు. అరకులో వాన ఒక్కటే కాదు సమస్య. చలికాలం రాత్రి రేకు చల్లబడితే, లోపల పడుకున్నవాళ్ళ ఊపిరి తేమే కప్పుకి పట్టి చుక్కలుగా కారుతుంది. కాబట్టి కప్పు లోపల ఇన్సులేషన్ వెయ్యాలి. దానికి రెండంగుళాలు పోతాయి. నేల మీద ప్లైవుడ్‌కి ఇంకో అంగుళం. లోపలి ఎత్తు టేపుతో కొలిస్తే 6 అడుగుల 1 అంగుళం వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 9. మూడంగుళాలు పోయినా తల తగలదు. ఎత్తు చాలకపోతే పైకప్పు కోసి లేపొచ్చు కదా అనుకునేవాళ్ళకి ఒక మాట. రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కుదరదు. నిలబడే బస్సా, తిరిగే బస్సా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. మాది నిలబడేదే. అలాగైనా ఒకసారి ఘాట్ ఎక్కాలి. ఆ తర్వాత రోడ్డు మీదికి రాదని ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పుకోవాలి, లేకపోతే పన్ను లెక్క నడుస్తూనే ఉంటుంది.

ధర దగ్గర నాకు ఉపయోగపడిన లెక్క ఒకటుంది. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు రాసి ఉంటుంది. ఈ బస్సుది 4,200 కిలోలు. తుక్కు కొనేవాడు కిలోకి 28 రూపాయలు చెప్పాడు. అంటే ఏమీ చెయ్యకపోయినా 1 లక్షా 17 వేల 600 వస్తాయి. ఎంత చెడ్డా మన డబ్బు అంతకంటే కిందకి పడదు. మావయ్య బేరం 2 లక్షల 20 వేలకి తెగింది. అంటే నిజంగా రిస్కులో పెట్టింది లక్ష పైచిలుకు.

కాగితాల్లో ఒక మెలిక వచ్చింది. ఫైనాన్స్ అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీ మీద ఇంకా ఆ పేరే ఉంది. ఫారం 35, ఎన్‌ఓసీ వచ్చేదాకా అడ్వాన్సు పది వేలు దాటి ఇవ్వనని మావయ్య పట్టుబట్టాడు. పన్నెండు రోజులు ఆగాం. తర్వాత ఫారం 29, 30 మీద సంతకాలు. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీలో ఉన్నదానితో అంకె అంకె సరిచూశాను.

ఘాట్ ఎక్కించడానికి ముందు క్లచ్ మార్పించాం. బ్రేకుల గాలి నింపి, ఇంజన్ ఆపి, పావుగంట ముల్లుని చూస్తూ కూర్చున్నాం. ముల్లు కదల్లేదు. ఒక్క రోజు ప్రయాణానికి ఇంత ఖర్చా అని నేను అడగలేదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్ట్ బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ మలుపు దాటే ప్రతిసారీ మావాళ్ళ బస్సుల్లో మాటలు ఆగిపోతాయి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, ఖాళీ బస్సుని తైడా దగ్గర ఒకసారి, అనంతగిరిలో ఒకసారి చల్లార్చుకుంటూ తొమ్మిదిన్నరకి సుంకరమెట్ట చేర్చాడు డ్రైవర్. గాలికొండ మలుపుల్లో రేడియేటర్ ముల్లు ఎరుపు గీత దగ్గరికి వెళ్ళి ఆగింది.

సీట్లు తుక్కుకి వెయ్యలేదు. పన్నెండు గూడెం అంగన్‌వాడీకి వెళ్ళాయి. ఆ పిల్లల్లో చాలామంది స్కూల్ బస్సు ఎక్కింది లేదు, ముందు ముందు కూడా ఆ కొండదారికి స్కూల్ బస్సు వచ్చేలా లేదు. ఇప్పుడు ఆ సీట్ల మీద కూర్చుని బస్సు నడుపుతున్నట్టు హారన్ కొడుతున్నారు. నాకు అది చూసి నవ్వూ వచ్చింది, ఇంకోటేదో కూడా అనిపించింది. దాన్ని ఇక్కడ సరిగ్గా రాయలేను.

ఇన్సులేషన్ పని ఇంకా సగంలో ఉంది. కాఫీ అమ్మడం దసరాకి మొదలుపెట్టాలని అత్త పట్టుదల. పోయిన నెల ఆ సిటీ ఆయన మళ్ళీ వచ్చాడట. బస్సు చూసి, "బావుందే, ఎవరు పెట్టించారు?" అని అడిగాడట. మావయ్య లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న ఆర్‌సీ తెచ్చి, యజమాని పేరు ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించాడట.