పెద్దలకు ప్రవేశం లేదు

స్టాక్‌హోమ్‌లోని ఆర్లాండా విమానాశ్రయంలో, సామాన్లు వచ్చే బెల్టు దగ్గర నాలుగేళ్ళ పిల్ల ఒకతె నేల మీద వెల్లకిలా పడి, కాళ్ళు తపతపా కొడుతూ ఏడుస్తోంది. మన దగ్గరయితే ఈపాటికి పదిమంది చేరేవాళ్ళు. "అదిగో పోలీసు వస్తున్నాడు" అని ఒకరు, "చాక్లెట్ ఇస్తా, ఊరుకో" అని ఒకరు, "ఒక్కటిచ్చుకోండి, అదే దారికొస్తుంది" అని ఇంకొకరు. ఇక్కడ ఎవరూ తల కూడా తిప్పలేదు. వాళ్ళ నాన్న వచ్చి, అందరూ బూట్లతో తొక్కే ఆ నేల మీదే పిల్ల పక్కన చతికిలబడ్డాడు. ఏదో అడిగాడు, ఊరుకున్నాడు. వాళ్ళ పెట్టెలు రెండుసార్లు చుట్టూ తిరిగి వచ్చాయి. వాళ్ళనే చూస్తూ నిలబడ్డాను కాబట్టి నాదీ తిరిగింది.

మా మేనకోడలు కాపురం కిస్తాలో. ఎరిక్‌సన్ ప్రధాన కార్యాలయం ఉన్న పేట అది. లిఫ్టులో "ఎప్పుడొచ్చారండీ?" అని పలకరించే మనిషి తగలకపోతేనే ఆశ్చర్యం. మీరు వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి: మెట్రోలో బ్లూ లైన్ ఒకటి కాదు. పది నంబరూ నీలమే, పదకొండూ నీలమే. వెస్త్రా స్కూగెన్ స్టేషన్ దాటాక అవి చెరోదారీ పడతాయి. కిస్తాకి పదకొండు ఎక్కాలి. నేను పదిలో కూర్చుని, రాతిని తొలిచి కట్టిన స్టేషన్ల గోడల మీద బొమ్మలు చూసుకుంటూ రింకెబీ దాకా హాయిగా వెళ్ళిపోయాను. ఎదురు సీట్లో తొమ్మిదీ పదేళ్ళ కుర్రాడు, వీపున సంచీతో, ఒంటరిగా. అడిగితే లేచి, మ్యాపు మీద వేలు పెట్టి, ఎక్కడ దిగాలో ఎక్కడ మారాలో ఇంగ్లీషులో చెప్పాడు. "అర్థమైందా?" అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా కూర్చోలేదు. మన ఊళ్ళో ఆ వయసు పిల్లాణ్ణి దారి అడిగితే పక్కనున్న పెద్దాయన చెప్తాడు. పిల్లాడికి నోరు తెరిచే సందే ఉండదు.

బస్సుల్లో ఇంకో వింత. పసిపిల్లని స్ట్రోలర్‌లో తోసుకొచ్చే మనిషికి టికెట్టు లేదు. మధ్య తలుపులోంచి నేరుగా ఎక్కేయడమే. బండిని వదిలి ముందుకెళ్ళి టికెట్టు చూపించాలంటే పిల్ల ఒంటరిదైపోతుందిగా! ఇంత చిన్న సంగతి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారన్న ముచ్చటతో ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాను. దారికి అడ్డమని ఒకావిడ మర్యాదగా జరగమంది.

ఒక సాయంత్రం మేనకోడలి చిన్నవాణ్ణి ప్రీస్కూల్ నుంచి తీసుకురావడానికి నేనూ వెళ్ళాను. జల్లు పడుతోంది. పిల్లలు మెడ నుంచి మడమ దాకా రబ్బరు తొడుగుల్లో బురదలో దొర్లుతున్నారు. టీచర్లు గొడుగుల్లేకుండా నిలబడి చూస్తున్నారు. లోపల, చిన్నపిల్లల బల్ల దగ్గర అల్పాహారం నడుస్తోంది. మూడేళ్ళది ఒకతె గట్టి అట్టలాంటి రొట్టె మీద వెన్న తనే రాసుకుంటోంది. రొట్టె విరిగింది. విరిగిన ముక్కకీ రాసింది. తర్వాత తన పిడికిలికి సరిపోయే జగ్గు ఎత్తి గ్లాసులోకి పాలు వంచుకుంది. గ్లాసు నిండింది, పొంగింది, బల్ల మీంచి ఒళ్ళోకి కారింది. "చెప్పానా!" అనే మాట కోసం నా చెవులు కాచుకున్నాయి. టీచరు గుడ్డ ఉన్న వైపు చూపించిందంతే. పిల్ల దిగి, గుడ్డ తెచ్చి, తుడవడంలో పాలని బల్లంతా పులిమి, వెళ్ళి మళ్ళీ జగ్గు పట్టుకుంది. టీచరు జగ్గు లాక్కోలేదు. మనం అయిదేళ్ళొచ్చినా ముద్ద కలిపి, బూచాణ్ణి పిలిచి, ఫోన్లో బొమ్మలు పెట్టి నోట్లో కుక్కుతాం. అందులోనూ ప్రేమే ఉంది, కాదనను. కడుపు నిండిందో లేదో చెప్పే హక్కు మాత్రం మన పిల్లలకి లేదు.

నగరం నడిమధ్య సెర్గెల్స్ తోరి అనే కూడలిలో కుల్తూర్‌హూసెట్ అని పెద్ద అద్దాల భవనం. నాటకాలు, ప్రదర్శనలు, గ్రంథాలయాలు అన్నీ అందులోనే. మేనకోడలి కూతురికి పదకొండేళ్ళు. "రా తాతయ్యా, మా లైబ్రరీ చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర చెయ్యి వదిలేసింది. దాని పేరు టియోట్రెట్టోన్, అంటే పది–పదమూడు. ఆ వయసు వాళ్ళకే ప్రవేశం. అమ్మానాన్నలకి కూడా లేదు. గుమ్మంలో ఉన్న ఉద్యోగితో "నేను దాని తాతనండీ" అన్నాను. "తెలుస్తోందండీ" అని నవ్వాడు, తలుపు మాత్రం వదల్లేదు. లోపల వంటచేసుకునే చోటు, కుట్టుమిషన్లు, పడుకుని చదువుకునే మూలలు ఉన్నాయట. ఉన్నాయట అనడమే నా వంతు. రెండు గంటలకి, ఏ పుస్తకం చదివిందో చెప్పకుండా, పిల్ల బయటికొచ్చింది. ఈలోపు నేను కింద దాల్చినచెక్క బన్ను ఒకటి తిన్నాను. అదీ అయిపోయాక ఇంకోటి.

ఇదంతా వీళ్ళ నెత్తురులో ఉందనుకుంటే పొరపాటే. వీళ్ళ తాతలూ కొమ్మ విరిచి కొట్టినవాళ్ళే. స్వీడన్ బడుల్లో బెత్తం 1958లో పోయింది. 1979లో ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించారు, ప్రపంచంలో మొట్టమొదటగా. పార్లమెంటులో అనుకూలంగా 259 ఓట్లు, వ్యతిరేకంగా ఆరు. నన్ను ఆకట్టుకున్నది ఓట్ల లెక్క కాదు, ఆ నిబంధన కింద విడిగా శిక్షంటూ ఏదీ రాయకపోవడం. తీవ్రంగా కొడితే మామూలు నేరాల చట్టం ఎటూ ఉంది. దీన్ని మాత్రం జనానికి చెప్పడానికే చేశారు. అందుకని పాల డబ్బాల మీద అచ్చేయించారు. పొద్దున్నే బల్ల మీద పాలు, పాల డబ్బా మీద చట్టం, ఎదురుగా దాన్ని చదవడం వచ్చిన పిల్ల! అంతకు ముందు ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాంతి బహుమతి అందుకుంటూ పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ఒక తల్లి సంగతి చెప్పింది. కొట్టడానికి బరికె తెచ్చుకోమని కొడుకుని పంపితే, వాడు వెతికి వెతికి, ఏడుస్తూ రాయి పట్టుకొచ్చాడట. బరికె దొరకలేదమ్మా, దీన్ని నా మీదికి విసురు అని. ఆ తల్లి రాయిని వంటింటి అరలో పెట్టుకుందట.

1979 జులై 1న ఆ చట్టం అమల్లోకి వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో అరుణాచలంలో చలం పోయాడు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా తిరిగినవాడు, 'బిడ్డల శిక్షణ' రాసినవాడు. పిల్లల్ని కొట్టకండని మనకి తెలుగులో చెప్పి పెట్టినా, మనం ఆయన ఆడవాళ్ళ గురించి రాసినదాని మీదే పోట్లాడుకుంటూ ఆ పుస్తకాన్ని అటకెక్కించాం. మన విద్యాహక్కు చట్టం 2009లో బడిలో దెబ్బల్ని నిషేధించింది. ఇంటి గడప దాటి లోపలికి అలాంటి చట్టమేదీ రాలేదు.

లిండ్‌గ్రెన్ 1941 నుంచి 2002లో పోయేదాకా ఉన్న ఇల్లు దాలాగాతన్ 46లో ఉంది, ఎదురుగా వాసా పార్కు. ఇంట్లోకి వెళ్ళాలంటే ముందే చోటు బుక్ చేసుకోవాలి, నేను వీధిలోంచే చూశాను. పార్కులో మధ్యాహ్నం పూట స్ట్రోలర్లు తోసే నాన్నల బారు ఉంది, అదీ చూడాల్సిందే. ఒక్కో బిడ్డకి అమ్మానాన్నలిద్దరికీ కలిపి 480 రోజుల జీతపు సెలవు, అందులో 90 రోజులు నాన్న వాడకపోతే పోతాయి. పిల్లాడికి జ్వరమొస్తే ఇంట్లో ఉండే మనిషికి ప్రభుత్వం డబ్బిస్తుంది. విమానాశ్రయంలో నేల మీద కూర్చున్న నాన్నది ఓర్పు అనుకున్నాను. ఈ బారు చూశాక, అందులో సగం తీరిక అని తోచింది. పొద్దున ఆరుకి కంపెనీ బస్సెక్కి రాత్రి ఎనిమిదికి దిగే మన తల్లిని, పిల్లాడితో నిదానంగా మాట్లాడమని చెప్పడం తేలిక.

లిండ్‌గ్రెన్ పుట్టించిన పిప్పి గుర్రాన్ని ఎత్తగలదు, ఒంటరిగా ఉంటుంది, బడికి వెళ్ళదు. ఒక్కరోజు వెళ్ళి, తనకది సరిపడదని తేల్చుకుని వచ్చేస్తుంది. ఇరవై క్రోనా నోటు మీద రచయిత్రితోపాటు ఆ పిప్పి కూడా ఉంది. ఎక్కడ చూసినా కార్డులే కాబట్టి ఆ నోటు తీసుకునేవాళ్ళు దొరకడమే కష్టం. అయితే అసలు చమత్కారం వేరే. బడికి వెళ్ళని పిల్లని నోటు మీద వేసుకున్న ఈ దేశంలో పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో పెంచడానికి వీల్లేదు. 2010 నాటి బడుల చట్టం ప్రకారం అసాధారణ పరిస్థితుల్లోనే అనుమతి. తల్లిదండ్రుల నమ్మకాలూ ఇష్టాలూ ఆ లెక్కలోకి రావు. అది భరించలేక సముద్రం దాటి ఫిన్లాండ్ కిందున్న ఓలాండ్ దీవులకి వెళ్ళిపోయిన కుటుంబాలున్నాయి.

రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకా ఎండగా ఉన్న వంటింట్లో, పప్పుచారు దగ్గర, దీని మీద వాదన పడింది. "బడి పిల్లల హక్కు మామయ్యా. ఇంట్లో ఏం జరుగుతోందో చూసే మనిషి బయట ఒకరుండాలి" అంది మేనకోడలు. "సరే, నాకొద్దు అనే హక్కు?" అన్నాను. అల్లుడు నా పక్షం, కాకపోతే పైకి చెప్పలేదు. పెద్దపిల్ల చెంచా ఆపి, "నన్నెవరూ అడగలేదేం?" అంది. అడిగాం. బడి కావాలి, ఈత క్లాసు వద్దు అంది. ఈత బడి పాఠాల్లో భాగమట, తప్పించుకోలేదు. తల్లి ఏమీ అనలేకపోయింది. నా మటుకు నాకు, తలుపులు ఇంత విశాలంగా తెరిచిన దేశం ఆ ఒక్క తలుపుకి తాళం వెయ్యడం మింగుడు పడలేదు.

మీరు వెళ్తే శనివారం కలిసొచ్చేలా చూసుకోండి. పిల్లలకి మిఠాయిలు వారానికోసారి, శనివారమే. దీని వెనక కథ తీపిది కాదు. 1940ల్లో లుండ్ దగ్గరున్న విపెహోల్మ్ ఆస్పత్రిలో, మానసిక వైకల్యమున్న రోగులకి జిగురు మిఠాయిలు తినిపించి పళ్ళు పుచ్చుతాయేమో పరీక్షించారు. వాళ్ళ హక్కుల ఊసు అప్పుడెవరికీ పట్టలేదు. వారానికోసారి తినాలన్న సలహా అందులోంచి వచ్చిందే. ఇప్పుడు దుకాణంలో గోడంతా డబ్బాలు, చేతికి కాగితం సంచీ, పార. మా చిన్నవాడు ఒక్కో డబ్బా మూత ఎత్తి, వాసన చూసి, మూసి, వెనక్కి వచ్చి మళ్ళీ ఎత్తాడు. వెనక నిలబడ్డ పెద్దలెవరూ "తొందరగా కానీ" అనలేదు. చివర్లో నాకోసం నల్లగా, డైమండు ఆకారంలో ఉన్నదొకటి ఏరి ఇచ్చి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అతిమధురం వేరుకి నవాసాగరం కలిపి చేస్తారట. మన దగ్గర ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు వాడే నవాసాగరమే. "ఉమ్మెయ్యొచ్చు తాతయ్యా, పర్లేదు" అన్నాడు. ఉమ్మేశాను.