తలంబ్రాల దగ్గర తేలే లెక్క

తెనాలిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక యూనిట్‌లో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మేడ మీద గది, కిటికీలకు నల్ల తెరలు, రెండు మానిటర్లు, వాటి పక్కనే ఓ మామూలు ఎల్‌ఈడీ టీవీ. ఆ టీవీ ఎందుకని అడిగాను. "జనం చూసేది దాంట్లోనే కదండీ" అన్నారు యజమాని. వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలం నుంచీ ఆయన పని ఇదే.

మూడు గంటల పెళ్లి ఎడిటింగ్ పూర్తయి రెండరింగ్‌కు, అంటే చివరి ఫైలుగా తీయడానికి, సిద్ధంగా ఉంది. బయటివాళ్లకు అదొక బటన్ నొక్కే పని. ఎంత బాగా తీసిన పెళ్లయినా చెడిపోయేది ఇక్కడే. కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కేలో రాస్తే గంటకు 45 జీబీ అవుతుంది. అంత బరువు మామూలుగా ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో పట్టదు. తగ్గించక తప్పదు. ఎంత, ఎలా అన్నదే అసలు పని.

చాలాచోట్ల ఒక బిట్‌రేట్ అంకె వేసి వదిలేస్తారు. సెకనుకు 8 మెగాబిట్లంటే సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3.6 జీబీ. సైజు ముందే తెలిసిపోతుంది, అందులో సుఖం అదే. నష్టం ఏమిటో ఆయన తెర మీద చూపించారు. అదే పెళ్లిని 4 మెగాబిట్లకు కట్టేసి తీసిన నమూనా అది. పంతులుగారు మంత్రం చదువుతున్నంతసేపూ బొమ్మ నిగనిగలాడింది. తలంబ్రాలు మొదలయ్యాక ఆపి, ఒక్కో ఫ్రేమే జరిపారు. గాల్లో పసుపు బియ్యం గింజలు లేవు, మసక మరకలున్నాయి. పెళ్లికూతురి భుజం మీద జరీ అంచు గళ్లుగళ్లుగా విడిపోయింది. కదలని మండపాన్ని, వీడియోను కుదించే ఎన్‌కోడర్ ముందు ఫ్రేము నుంచే తీసుకుని సరిపెడుతుంది. వందల గింజలు తలో దిక్కుకు ఎగిరినప్పుడు తీసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. బిట్లు ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే.

అందుకే ఆయన సైజు కాకుండా నాణ్యతను బిగిస్తారు. దానికి సీఆర్‌ఎఫ్ అనే అంకె ఉంది. హెచ్.264 వీడియో తయారుచేసే ఎక్స్264లో అది 0 నుంచి 51 దాకా ఉంటుంది. అంకె తగ్గితే బొమ్మ మెరుగు, ఫైలు బరువు. మనం ఏమీ మార్చకపోతే 23 ఉంటుంది. ఆయన పెళ్లిళ్లకు 19 పెడతారు. ఆరు పెంచితే ఫైలు దాదాపు సగానికి దిగుతుంది. ఇక ప్రీసెట్ అంటే ఎన్‌కోడర్‌కు ఇచ్చే వ్యవధి. 'స్లో' పెడితే అదే నాణ్యత సాధారణంగా తక్కువ చోటులో ఇముడుతుంది. రాత్రి పెట్టేసి ఇంటికి వెళ్తారు. సైజు కచ్చితంగా ఇంతే ఉండాలంటే మాత్రం వీడియోను ఎన్‌కోడర్‌లో రెండుసార్లు నడిపించే టూ పాస్ పద్ధతి మేలు.

హెచ్.265 వచ్చింది 2013లో. ఫైలు బాగా తగ్గుతుంది కదా, వాడరేం? ఆ టీవీనే చూపించారు. పాత టీవీల్లో చాలావాటికి హెచ్.265 చదవడం రాదు. పల్లెలో అమ్మమ్మ గారి టీవీలో ఆడని వీడియో ఎంత బాగుండి ఏం లాభం? నాకు ఈ మాట బాగా నచ్చింది. పెన్‌డ్రైవ్ విషయం కూడా అలాంటిదే. అది ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు, కాబట్టి పెళ్లి, రిసెప్షన్ విడివిడి ఫైళ్లుగా ఇస్తారు.

పాత క్యాసెట్లూ వస్తుంటాయి. వాటిని 4కేకి సాగదీయమని అడుగుతారట. లేని వివరం సాగదీస్తే రాదు, ఫైలే ఉబ్బుతుంది. టేపు మీది చుక్కల గోల కూడా ఎన్‌కోడర్‌కు వివరంలాగే కనిపించి బిట్లు మింగేస్తుంది. దాన్ని కొద్దిగా తగ్గించి, అడ్డగీతలు పోయేలా డీఇంటర్‌లేస్ చేశాకే రెండర్ చేస్తారు.

మూడు గంటలూ రెండర్ చేసేముందు తలంబ్రాల నిమిషం ఒక్కటీ కోసి, రెండు మూడు సీఆర్‌ఎఫ్ అంకెలతో తీసి టీవీలో చూస్తారు. ఇంట్లో హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లూ ఈ పద్ధతి పాటించవచ్చు.

పెళ్లి చేసుకోబోయేవారికి ఒక మనవి. కుదించిన వీడియోలో పోయిన వివరం మళ్లీ రాదు. స్టూడియోలు చోటు కోసం కెమెరా ఫైళ్లు చెరిపేస్తుంటాయి. మాట్లాడుకునే రోజే హార్డ్ డిస్క్ ఇచ్చి, అసలు ఫైళ్లు కూడా కావాలని చెప్పండి.