అజాన్ వినిపించే తీరం

వేసవి సెలవులు సమీపించగానే "ఈసారి ఎక్కడికి?" అనే మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. ఒకప్పుడు దానికి సమాధానం అమ్మమ్మగారి ఊరు. కాస్త కలిగినవారైతే భీమిలి, సూర్యలంక తీరాలు. ఇప్పుడు గల్ఫ్‌లో సంపాదిస్తున్న కొడుకులు, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న అల్లుళ్ళు మాల్దీవుల పేరెత్తుతున్నారు. ఇంటి పెద్దలు మాత్రం సందేహిస్తున్నారు. సముద్రతీర విహారమంటే సిగ్గూ బిడియమూ వదిలిన చోటే కదా అని వారి బెంగ.

ప్రయాణాన్ని ఇస్లాం నిషేధించలేదు. భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో గమనించమని అన్కబూత్ సూరా 20వ ఆయత్ బోధిస్తోంది. దైవప్రవక్త (సల్లం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కుటుంబంతో ఉల్లాసంగా గడపడం ధర్మానికి వెలుపలి విషయం కాదు. ఎంచుకునే చోటు, వెళ్ళే పద్ధతి, ఖర్చు చేసే సొమ్ము, ఈ మూడింటినీ బట్టే మంచిచెడులు తేలుతాయి.

ముందుగా సొమ్ము సంగతి. అప్పులు తీరాయా? భార్యకు ఇవ్వవలసిన మహర్ ఇచ్చామా? జకాత్ లెక్క తేలిందా? అన్నిటికీ మించి, హజ్ ఫర్జ్ అయిన వ్యక్తి దాన్ని వాయిదా వేసి విహారానికి విమానం ఎక్కడం తగునా? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు లేనప్పుడు ఏ తీరమూ మనసుకు విశ్రాంతినివ్వదు. వాయిదాల మీద అప్పు చేసి, బంధువుల ముందు గొప్ప కోసం వెళ్ళే ప్రయాణం అసలే వద్దు.

ఇక స్థలం. మాల్దీవుల్లో సుమారు 1,200 దీవులుంటే, జనం నివసించేవి 200 లోపే. అక్కడి రాజు క్రీ.శ. 1153లో ఇస్లాం స్వీకరించాడు. 1343లో వచ్చిన ఇబ్న్ బతూతా అక్కడే ఖాజీగా పనిచేసి, ఆ ప్రజల దైవభక్తినీ పరిశుభ్రతనూ మెచ్చుకున్నాడు. వారి దివేహి భాషను తానా లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఆ లిపిలోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబీ అంకెల నుంచి పుట్టాయి.

ఇంతటి ముస్లిం దేశంలో మద్యం ఎలా దొరుకుతోందని కొందరు అడుగుతారు. 1972లో పర్యాటకం మొదలైనప్పుడు ప్రభుత్వం జనం లేని దీవులను రిసార్టులకు ఇచ్చింది. మద్యం, పందిమాంసం వాటికే పరిమితం. జనావాస దీవుల్లో అతిథిగృహాలకు 2009 నుంచి అనుమతి లభించింది. అక్కడ మద్యం లేదు, ఐదు పూటలా అజాన్ ఉంది. విదేశీయుల ఈత కోసం బికినీ బీచ్ పేరిట ఒక పక్కన మరుగుచేసిన తీరం కేటాయిస్తారు. మిగిలిన తీరంలో స్థానిక స్త్రీలు నిండు దుస్తులతోనే పిల్లలతో కలిసి నీళ్ళలో దిగుతారు. ప్రకటనల్లో కనిపించేవి రిసార్టులు. మన కుటుంబాలకు తగినవి ఈ ఊళ్ళు. మాలే నుంచి సాధారణ ఫెర్రీలో గంటన్నర దూరంలో ఉన్న మాఫుషి వీటిలో బాగా పేరున్నది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన తీరాల్లో తరచుగా కనిపించే దృశ్యం ఏమిటి? మగవారూ మగపిల్లలూ అలల్లో కేరింతలు కొడుతుంటారు. తల్లులూ కూతుళ్ళూ ఒడ్డున చెప్పులకు, సంచులకు కాపలా కూర్చుంటారు. పర్దా స్త్రీకి గౌరవం కోసం విధించబడింది. అల్లాహ్ సృష్టిని ఆమెకు దూరం చేయడం కోసం కాదు. కాబట్టి గది ఖాయం చేసుకునే ముందే అడగండి: బికినీ బీచ్‌కు దూరంగా కుటుంబాలు దిగే తీరం ఉందా? ఒక్క కుటుంబమే ఇసుక దిబ్బకు వెళ్ళేందుకు పడవ కుదురుతుందా? బురఖా నీటిలో బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, ప్రాణాపాయం. పలుచని గుడ్డతో, ఒంటికి అతుక్కోకుండా కుట్టిన నిండు ఈతదుస్తులు వెంట తీసుకువెళ్ళండి. పగడపు దిబ్బల మధ్య సందుల్లో ప్రవాహం బలంగా లాగుతుంది. పిల్లలను అటు పోనివ్వకండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ పొడి కాలం. మేలో నైరుతి గాలులు మొదలవుతాయి కనుక వేసవి సెలవుల్లో వెళ్ళేవారు వానకు సిద్ధపడాలి. సంక్రాంతి సెలవులు అనుకూలమే కానీ అప్పుడు ధరలు ఎక్కువ. వీసా దిగినచోటనే ఇస్తారు. తిరుగు టికెట్టు, బస ఆధారం చూపాలి. చెప్పిన అద్దెపై పన్నులు అదనం. చిన్న అతిథిగృహంలో మనిషికి రోజుకు 6 డాలర్ల హరిత పన్ను, పెద్దవాటిలో, రిసార్టుల్లో 12 డాలర్లు. శుక్రవారం సాధారణ ఫెర్రీలు నడవవు.

నమాజు విషయానికి వస్తే, పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పంతో వెళ్ళే హనఫీ ముసాఫిర్ నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేయాలి. స్థానిక ఇమామ్ వెనుక నిలిస్తే నాలుగూ పూర్తి చేయాలి. అక్కడ షాఫయీ సంప్రదాయం కావడంతో అస్ర్ అజాన్ మన సమయం కన్నా సుమారు గంట ముందే వినిపిస్తుంది. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయమూ ఆ ముందు సమయమే కనుక జమాఅత్‌ను వదులుకోనక్కరలేదు. ఆహారంలో ట్యూనా చేపే ప్రధానం. కొబ్బరి, ఉల్లి, మిరపకాయతో కలిపిన మస్ హునిని రొట్టెతో ఉదయం తింటారు. పీత హనఫీలకు తగదని పిల్లలకు ముందే చెప్పండి.

ఆ దీవులకు నదులు లేవు. వాననీరు, యంత్రాలతో ఉప్పు తీసిన సముద్రపు నీరే ఆధారం. వుజూలో నీటిని వృథా చేయవద్దని, నది ఒడ్డున ఉన్నా సరే అని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఆ హెచ్చరిక విలువ అక్కడి కుళాయి ముందు తెలుస్తుంది. ఆ దేశపు నేల చాలాచోట్ల సముద్రమట్టానికి ఒకటిన్నర మీటరు ఎత్తే. దాన్ని అలల నుంచి కాచేవి పగడపు దిబ్బలు. వాటిపై కాలు మోపవద్దు, ముక్క విరిచి తేవద్దు.

మాలేలో 1658లో పగడపు రాతితో కట్టిన హుకురు మిస్కీ మస్జిద్‌ను తప్పక చూడండి. మనకు ఖిబ్లా దాదాపు నేరుగా పడమర, అక్కడ వాయవ్యం. ఆ కట్టడం మాత్రం పూర్వపు పునాదిపై పడమటి ముఖంగా నిలిచింది. అందుకే లోపల సఫ్‌లు గోడలకు ఏటవాలుగా తీరుస్తారు. కట్టడాన్ని కూల్చలేదు, ఖిబ్లానూ వదల్లేదు. విహారం కోసం లోకం కట్టిన ఏర్పాట్లలోకి మనం అడుగుపెట్టేటప్పుడు పాటించవలసిన పద్ధతి కూడా ఇదే.

మన ప్రయాణాలను అల్లాహ్ క్షేమకరం చేయుగాక, మన ఇంటి స్త్రీలకూ పిల్లలకూ వాటిలో న్యాయమైన పాలు దక్కేలా చేయుగాక. ఆమీన్.